కందెనయు కర్బనపు పూతయు

మోటారు లారీలు రాకపూర్వము మంజీరా తీరమందలి పల్లెలనుండి సంగారెడ్డికి ధాన్యము ఎడ్లబండ్లమీద వచ్చుచుండెను. బండిక్రింద కందెన నింపిన చిన్న పాత్ర యొకటి వ్రేలాడుచుండెడిది. గడ్డిని కాల్చి, ఆ మసిని ఆముదముతో కలిపి నూరినచో నల్లని ముద్ద యగును. దానినే కందెన యందురు. దూరప్రయాణమునకు ముందు బండివాడు చక్రమును కొంచెము వెలికి లాగి, ఇరుసునకు ఆ ముద్దను దట్టముగా పట్టించును. అట్లు చేయనిచో కొంతదూరము పోవుసరికే ఇరుసు కీచుమని యరచును, ఎడ్లు రొప్పును, చక్రము లోపల వేడెక్కి అరిగిపోవును. సుమతీ శతకమునందు సైతము ఇరుసు కందెన ప్రసక్తి కలదు. అనగా ఈ విషయము తెలుగువారికి క్రొత్తది కాదు.

ఆ నల్లని ముద్దలో రెండు వస్తువులున్నవి. ఒకటి చెట్టునుండి వచ్చిన నూనె. రెండవది మసి, అనగా కర్బనము. నూనె జారునట్లు చేయును. మసి ఆ నూనెను కారిపోనీయక ఇరుసునకు అంటియుండునట్లు పట్టియుంచును. ఇది నిర్దోషమైన కందెన యని చెప్పుటకు వీలులేదు. వరిగడ్డియందు సిలికా, అనగా ఇసుకయందుండు పదార్థము, మెండుగా నుండును. గడ్డిని కాల్చినప్పుడు అది బూడిదలో మిగిలిపోయి ఇరుసును సన్నని ఆకురాయివలె రాయుచుండును. మెల్లగా నడచు ఎడ్లబండికి ఆ లోపము పెద్దది కాదు. నిమిషమునకు వేలమార్లు తిరుగు యంత్రమునకు అది చాల పెద్దది.

1960 దశకమున రామచంద్రాపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కర్మాగారము వెలసినది. తరువాతి దశకములలో పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము గ్రామముల పరిసరములన్నియు పరిశ్రమలతో నిండినవి. బండ్లు పోయినవి గాని ఇరుసు పోలేదు. లేతు యంత్రమునందును, పంపునందును, మోటారునందును, మాత్రలనొత్తు యంత్రమునందును ఏదో యొక లోహము మరియొక లోహమును రాయుచునే యున్నది. ఆ రెంటినడుమ ఏమి యుంచవలెనను ప్రశ్నయు అట్లే నిలిచియున్నది. ఇటీవలి యిరువది సంవత్సరములలో శాస్త్రజ్ఞులు ఆ ప్రశ్నకు చెప్పుచున్న సమాధానములలో ఒకటి విచిత్రమైనది. వృక్షతైలము, కర్బనము అను పాత జతయే వేషము మార్చుకొని మరల వచ్చినది.

ఆ వేషము తెలియుటకు ముందు ఘర్షణ యనగా నేమో తెలియవలెను. నున్నగా మెరయు ఉక్కుపలకను గొప్ప సూక్ష్మదర్శినిలో చూచినచో అది కొండలు లోయలు గల దేశమువలె కనబడును. రెండు పలకలను ఒకదానిపై నొకటి యుంచినప్పుడు కొండశిఖరములు మాత్రమే తాకును. మెత్తని ఉక్కుపలకపై పది కిలోల బరువు గల ఉక్కుదిమ్మె నుంచినచో, దిమ్మె యడుగు ఎంత వెడల్పుగా నున్నను, నిజముగా తాకుచున్న చోటులన్నియు కలిపి చదరపు మిల్లీమీటరులో పదవవంతు మాత్రమే. బరువంతయు ఆ కొద్ది శిఖరములమీదనే పడును. అందుచేత అవి నలిగి, ఒకదాని నొకటి పట్టుకొని, అతుకుకొనును. పలకను జరుపుట యనగా ఆ అతుకులను తెంచుటయే. 1699లో ఫ్రెంచివాడైన అమాంటన్సు ఘర్షణ బరువునుబట్టి హెచ్చునుగాని పైకి కనబడు వైశాల్యమునుబట్టి హెచ్చదని ప్రకటించెను. అది ఏల యట్లగునో చక్కగా వివరించినవారు ఇరువదవ శతాబ్దమున కేంబ్రిడ్జిలో పనిచేసిన బౌడెను, టేబరు అను శాస్త్రజ్ఞులు.

ఘర్షణను కొలుచుటకు ఒక సంఖ్య కలదు. నూరు కిలోల పెట్టెను నేలమీద జరుపుటకు ఏబది కిలోల బలము కావలసినచో ఘర్షణ గుణకము 0.5 అందురు. ఎండిన ఉక్కును ఉక్కుమీద జరుపునప్పుడు గుణకము సుమారు 0.5 మొదలు 0.8 వరకు నుండును. మంచి నూనె వేసినచో అది 0.1నకు, ఇంకను దిగువకు వచ్చును.

అతుకు తెగునప్పుడు ఒక్కొక్కసారి అతికినచోట తెగక ప్రక్కన తెగును. అప్పుడు ఒక పలకలోని చిన్న తునుక రెండవ పలకతో లేచిపోవును. ఇదియే అరుగుదల. 1953లో ఆర్చర్డు అను ఆంగ్లేయుడు దీనికొక సూత్రము కట్టెను. బరువు హెచ్చినకొలది, రాచుకొనిన దూరము హెచ్చినకొలది అరుగుదల హెచ్చును. వస్తువు గట్టిదైనకొలది తగ్గును. ఘర్షణయు అరుగుదలయు ఒకటే యని పలువురు తలంతురు. అది పొరపాటు. ఘర్షణ మిక్కిలి తక్కువగా నుండి వస్తువు శీఘ్రముగా అరిగిపోవుట కలదు. పలకమీద బలపము సుఖముగా జారును, సుఖముగా అరుగును.

ఈ రెంటివలన లోకమునకు కలుగు నష్టము సామాన్యమైనది కాదు. 2017లో ప్రకటింపబడిన ఒక లెక్కప్రకారము ప్రపంచమున ఖర్చగు శక్తిలో సుమారు ఐదవవంతు కేవలము ఘర్షణను జయించుటకే పోవుచున్నది. అరిగిన భాగములకు బదులు క్రొత్తవి చేయుటకు మరియొక నూటికి మూడువంతులు కావలసియున్నది. ఇంగ్లండునందు 1966లో ఈ నష్టమును గూర్చి విచారించిన సంఘము ఈ శాస్త్రమునకు ట్రైబాలజీ యని పేరు పెట్టెను. గ్రీకు భాషలో రాచుట యనుటకు గల మాటనుండి ఆ పేరు పుట్టినది.

కందెన చేయు పని రెండు విధములుగా నుండును. యంత్రము వేగముగా తిరుగునప్పుడు నూనె తనంత తానే ఇరుసుక్రిందికి చొచ్చుకొనిపోయి ఇరుసును పైకెత్తి నిలుపును. అప్పుడు లోహము లోహమును తాకనే తాకదు. ఆ స్థితిలో నూనెకు ఉండవలసిన గుణము తగిన చిక్కదన మొక్కటే. చిక్కు అంతయు యంత్రము బయలుదేరునప్పుడు, ఆగునప్పుడు, మెల్లగా బరువులాగునప్పుడు వచ్చును. అప్పుడు నూనెపొర పలుచబడి శిఖరములు తాకుకొనును. మిగిలినది కొద్ది అణువుల మందము గల పొర మాత్రమే. అది లోహమును విడువక పట్టుకొనియుండు పొరయైనచో యంత్రము బ్రదుకును. లేనిచో అరుగును.

ఇచ్చటనే ఖనిజ తైలమునకును వృక్షతైలమునకును భేదము కనబడును. భూమినుండి తీసిన నూనెలోని అణువులు కర్బనము, ఉదజని మాత్రమే గల గొలుసులు. లోహముతో వానికి ప్రత్యేకమైన బంధుత్వ మేమియు లేదు. అందుచేత ఇంజను నూనెలలో జింకు, భాస్వరము, గంధకము మొదలగువానితో చేసిన ద్రవ్యములను కలుపుదురు. అవి ఇనుముతో కలిసి దానిపై రక్షక కవచమువంటి పొరను కట్టును. వృక్షతైలపు అణువు మూడు తోకల గాలిపటము వంటిది. దాని శిరస్సు గ్లిసరినునుండి ఏర్పడినది. తోకలు కొవ్వుఆమ్లములు. తోకలు శిరస్సుతో కలియుచోట ఆమ్లజని పరమాణువులున్నవి. లోహమును పట్టుకొనునది ఆ భాగమే. శిరస్సులు లోహముపై నాటుకొనగా తోకలు వరిపైరువలె పైకి నిలుచును. రెండు పైరులు ఒకదానిపై నొకటి ఒరసికొనినట్లు ఉపరితలములు జారిపోవునుగాని శిఖరములు అతుకుకొనవు.

ఆముదమునకు ఇంకొక విశేషము కలదు. దాని తోకలలో నూటికి సుమారు తొంబది రిసినోలియికామ్లమునకు చెందినవి. ఆ తోక నడుమ ఆమ్లజని, ఉదజని కలిసిన చేయి యొకటి యున్నది. ఆ చేతితో అణువులు ఒకదాని నొకటి పట్టుకొనుటచేత ఆముదము ఇతర నూనెలకంటె ఆరేడు రెట్లు చిక్కగా నుండును. మొదటి ప్రపంచ యుద్ధమున అనేక విమానముల ఇంజనులు ఆముదముతోనే నడచినవి. ఆ ఇంజనులలో పెట్రోలు ఆవిరి కందెన యుండుచోటనుండియే పోవలసియుండెను. ఖనిజ తైలము పెట్రోలులో కరగిపోవును, ఆముదము అంతగా కరగదు. కాలిన ఆముదపు పొగ విమానము నడుపువారి ముఖములపై కొట్టుచుండెడిది. దానిని పీల్చినవారి కడుపులకేమి జరిగెనో ఆముదము త్రాగిన పిల్లలకెల్ల తెలియును. క్యాస్ట్రాలు అను ప్రసిద్ధమైన నూనెపేరు గూడ ఆముదమునకు ఇంగ్లీషున గల పేరునుండియే 1909లో పుట్టినది.

ఇక కర్బనము సంగతి. వజ్రమును, పెన్సిలులోని గ్రాఫైటును ఒకే కర్బనముతో ఏర్పడినవి. వజ్రమున ప్రతి పరమాణువు నలుదిక్కులను నాలుగింటితో గట్టిగా బంధింపబడియుండును. అందుచేత దానికంటె గట్టిది సులభముగా దొరకదు. గ్రాఫైటున పరమాణువులు పలుచని రేకులుగా పరచుకొని, రేకునకును రేకునకును నడుమ దుర్బలమైన పట్టు మాత్రమే యుండును. అందుచేత అది కాగితముపై జారుచు గీత గీయును. 1971లో అమెరికాలో ఐజెన్‌బర్గు, షాబొ అనువారు ఈ రెంటికి నడుమనుండు కర్బనపు పూతను గూర్చి ప్రకటించిరి. దానియందు కొన్ని పరమాణువులు వజ్రమునందువలెను, కొన్ని గ్రాఫైటునందువలెను, ఏ క్రమమును లేక గుంపుగా నుండును. దానిని వజ్రసదృశ కర్బనము అనవచ్చును. నేడది క్షౌరపు బ్లేడుల అంచులమీదను, కంప్యూటరు డిస్కులమీదను, డీసెలు ఇంజనులకు చమురు చిమ్ము సూదులమీదను కనబడును. కనబడునను మాట సరిగాదు. దాని మందము సామాన్యముగా రెండు మూడు మైక్రానులు. తలవెండ్రుకను ముప్పది పొరలుగా చీల్చినచో అందొక పొర ఎంత యుండునో అంత. భాగము నల్లగా నుండుటయే దాని గుర్తు.

ఈ పూత పూయుట కుంచెతో చేయుపని కాదు. ఉక్కుభాగమును మిక్కిలి శుభ్రముగా కడిగి, గాలి తీసివేసిన పెట్టెలో వ్రేలాడదీయుదురు. అందులోనికి ఎసిటిలీను వాయువును కొద్దిగా వదలి విద్యుత్తు ప్రసరింపజేయుదురు. వాయువు విచ్ఛిన్నమై దానిలోని కర్బనము విద్యుదావేశముతో ఉక్కుపై పడి గట్టిపడును. ఇట్లు చేసిన పూతలో కొంత ఉదజని కలిసియుండును. గ్రాఫైటు దిమ్మెను విద్యుత్తు మెరుపుతో ఆవిరిచేసి పూసినచో ఉదజని లేని, ఇంకను గట్టియైన పూత లభించును. రెండు పద్ధతులందును వేడి సుమారు 200 డిగ్రీలకు మించనీయక పని చేయుట సాధ్యము. ఇది చిన్న విషయము కాదు. అంతకు మించి కాచినచో పదునుపెట్టిన ఉక్కు తన పదును కోల్పోవును. హైదరాబాదు దాపున బాలాపూరునందు 1997లో ఏర్పడిన లోహచూర్ణ, నూతన పదార్థముల పరిశోధన కేంద్రమున ఉక్కుపై ఇట్టి గట్టి పూతలను పూయు పద్ధతులను గూర్చి కృషి జరుగుచున్నది.

కర్బనము నూనె లేకయే జారునుగదా, ఇంక నూనెతో పనియేమి యని అడుగవచ్చును. దీనికి సమాధానము రెండవ ప్రపంచ యుద్ధకాలపు కథ యొకటి చెప్పును. విమానముల విద్యుద్యంత్రములలో గ్రాఫైటు ముక్కలు రాగిమీద రాయుచుండెను. నేలమీద అవి చక్కగా పనిచేసినవి. విమానములు చాల ఎత్తునకు పోగానే కొలది గంటలలో పొడియై రాలిపోయినవి. కారణము విచారింపగా అచ్చటి గాలిలో తేమ లేకుండుటయే యని తేలినది. గ్రాఫైటు రేకుల అంచులను నీటియావిరి కప్పియుంచినంతవరకే అవి జారును. ఆవిరి లేనిచో అంచులు ఒకదాని నొకటి పట్టుకొనును. కర్బనపు పూతయు ఇట్టిదే. విరిగిన ప్రతి బంధము చేయి చాచిన పరమాణువు వంటిది. ఆ చేతిని ఉదజనియో, నీరో, మరియేదో పట్టుకొనవలెను. లేనిచో అది ఎదుటి ఉపరితలమును పట్టుకొనును. ఉదజని లేని పూత తేమగాలిలో బాగుగా జారును. ఉదజని గల పూత పొడిగాలిలో బాగుగా జారును. వానకాలమున నొకతీరు, వేసవిలో నొకతీరు నడచు యంత్రమును ఏ కర్మాగారము మెచ్చును?

అరుగుదల లెక్క గూడ చూడవలెను. పరిశోధనశాలలో పూతపూసిన బిళ్ల తిరుగుచుండగా దానిపై ఒక గుండును బరువుతో అదిమి యుంచుదురు. ఒక కిలో బరువుతో ఒక కిలోమీటరు దూరము రాచినచో మంచి పూతనుండి పోవునది ఘన మిల్లీమీటరులో వేయవవంతు వరకు నుండవచ్చును. నూనె లేక ఉక్కును ఉక్కుతో రాచినచో దీనికి నూరు రెట్లు, ఒక్కొక్కప్పుడు వేయి రెట్లు పోవును. వేయవవంతనగా ఆవగింజలో ఎన్నవ పాలు! అయినను పూత మందము రెండు మైక్రానులే యని మరువరాదు. బిళ్లమీద రాచుకొను చాలు వైశాల్యము ఇరువది చదరపు మిల్లీమీటర్లైనచో, కిలోమీటరునకు మైక్రానులో ఇరువదవవంతు లోతు అరుగును. నలువది కిలోమీటర్లకు పూత ముగియును. పటాన్‌చెరునుండి హైదరాబాదునకు పోయి తిరిగివచ్చు దారిలోనే దాని యాయువు తీరును. కావున పూత ఎంత గట్టిదైనను నూనె సహాయము వలయును.

నూనె వేయగానే సమస్య తీరునా యనగా, ఇక్కడనే శాస్త్రజ్ఞులకు ఆశాభంగమైనది. ఇంజను నూనెలలో కలుపు ద్రవ్యములు ఇనుమును పట్టుకొనుటకు తయారైనవి. కర్బనపు పూతమీద ఇనుము లేదు. అవి దానిపై అంతగా నిలువలేదు. ఒక్కొక్కప్పుడు ఇంకను అన్యాయము జరిగినది. మాలిబ్డినము గల యొక ప్రసిద్ధ ద్రవ్యము ఉక్కుమీద ఘర్షణను చక్కగా తగ్గించును. ఉదజని గల కర్బనపు పూతను ఉక్కుతో రాచు చోట అదే ద్రవ్యము పూతను వేగముగా తినివేయును. మంచి పూత, మంచి నూనె వేరువేరుగా నున్నప్పుడు రెండును మంచివే. కలిసినప్పుడు భాగము చెడినది. గట్టితనము పూతయందును, జారుడుతనము నూనెయందును ఉండునని తలంచుటలో నున్న పొరపాటు దీనితో బయటపడినది. జారుడుతనము ఆ రెంటి పొత్తునందు ఉండును.

2005లో జపానుదేశపు నిస్సాను కంపెనీవారును వారితో కలిసి పనిచేసిన శాస్త్రజ్ఞులును ఉదజని లేని కర్బనపు పూతపై వృక్షతైలమునుండి చేయదగిన ఓలియికామ్లపు ఎస్టరు నొకదానిని ప్రయోగించి, ఘర్షణ మిక్కిలి తగ్గుటను చూచిరి. గ్లిసరినుతో ప్రయత్నింపగా గుణకము 0.01 కంటెను దిగువకు పోయెను. నూరు కిలోల బరువును కిలోకంటె తక్కువ బలముతో జరుపుట యన్నమాట. మరుసటి సంవత్సరమే ఆ కంపెనీ తన మోటారుకారు ఇంజనులో కవాటములను త్రోయు భాగములకు ఇట్టి పూత పూయనారంభించి, ఆ పూతకు తగిన నూనెను గూడ ప్రత్యేకముగా చేయించెను.

ఇట్లేల జరిగెనో 2019లో జర్మనీ శాస్త్రజ్ఞులు కొంతవరకు వివరించిరి. స్టియరికామ్లము, ఓలియికామ్లము అను రెండు కొవ్వుఆమ్లములును పదునెనిమిది కర్బన పరమాణువుల గొలుసులే. భేదమంతయు ఓలియికామ్లపు గొలుసు నడుమ నొక జంటబంధ ముండుటయే. స్టియరికామ్లమునకు రాని జారుడుతనము ఓలియికామ్లమునకు వచ్చినది. ఓలియికామ్లము తన ఆమ్లపుకొనతో ఒక ఉపరితలమును, జంటబంధముతో ఎదుటి ఉపరితలమును పట్టుకొనును. రెండు తట్టులను చిక్కిన అణువును రాపిడి లాగి తెంచును. తెగినప్పుడు దానియందలి ఆమ్లజని, ఉదజని విడివడి, చేతులు చాచియున్న కర్బన పరమాణువులను కప్పివేయును. పిమ్మట ఉపరితలములు ఒకదాని నొకటి పట్టుకొనలేవు. అణువు తాను నశించి ఉపరితలమును కాపాడినది.

వృక్షతైలములకు పరిశ్రమలలో చెడ్డపేరు తెచ్చినదియు ఈ జంటబంధమే యగుట విచిత్రము. గాలిలోని ఆమ్లజని జంటబంధముల పొంతనే గొలుసును పట్టును. అట్లు పట్టినకొలది నూనె చిక్కబడి, పుల్లనై, కడకు జిగురై గట్టిపడును. తలుపులకు పూయు అవిసె నూనె ఆరి పొరకట్టునది ఇందువలననే. రంగునకు ఆ గుణము మేలు, యంత్రమునకు చేటు. జంటబంధములు రెండు మూడు గల గొలుసులు శీఘ్రముగా చెడును. ఒక్కటి మాత్రమే గల ఓలియికామ్లపు గొలుసు చాలకాలము నిలుచును. కర్బనపు పూతను పట్టుకొనుటకు ఒక్కటైన నుండవలెను, చెడకుండుటకు ఒక్కటికి మించి యుండరాదు. కందెనకు పనికివచ్చు వృక్షతైలమును వెదకుట యనగా ఓలియికామ్లము మెండుగా గల తైలమును వెదకుటయే.

ఇట్టి తైలముల పని పటాన్‌చెరునందే జరుగుచుండుట గమనింపదగినది. 1972లో అచ్చట స్థాపింపబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, ఇక్రిశాటు, జునాగఢునందలి వేరుసెనగ పరిశోధన సంస్థతో కలిసి గిర్నారు 4, గిర్నారు 5 అను వేరుసెనగ రకములను రూపొందించినది. ఇవి 2020 ప్రాంతమున రైతులకు లభించినవి. సామాన్యపు వేరుసెనగ నూనెలో ఓలియికామ్లము నూటికి నలువది ఏబది వంతులుండగా వీనియందు సుమారు ఎనుబది వంతులున్నది. ఆ రకములను పుట్టించినది యంత్రములకొరకు కాదు. నూనెయు, పప్పును త్వరగా ముక్కిపోకుండుటకే. తినదగిన నూనెను ఇరుసులలో పోయుట ఎవరికిని యిష్టము కాదు, కాకుండుటయే న్యాయము. యంత్రములకు కానుగయు ఆముదమును కలవు. కానుగనూనె చేదు, తినుటకు పనికిరాదు, దానియందు సుమారు సగము ఓలియికామ్లమే. చెట్టు రోడ్లప్రక్కను, వాగుల గట్టులను తనంత తానే పెరుగును. ఆముదపు పంట పాలమూరు, నల్లగొండ ప్రాంతముల మెట్టభూములకు చిరకాలమునుండి పరిచితమైనది. హైదరాబాదు తార్నాకయందలి భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో ఇట్టి నూనెలను మార్చి కందెనలుగా చేయు పరిశోధన జరుగుచున్నది. ఆ మార్పులో చెడుటకు కారణమైన గ్లిసరినును తీసివేసి దానిచోట మరింత దృఢమైన పదార్థము నుంతురు. గానుగనుండి తీసిన పచ్చినూనెను తెచ్చి పూతమీద పోసినచో పరిశోధనశాలలోని అద్భుతములు కనబడవు. పచ్చినూనెలో ఓలియికామ్లము గ్లిసరినుతో బంధింపబడియే యుండును. విడిగా నున్నది కొద్దిభాగము. ఆ కొద్దిభాగము హెచ్చినచో రాగి, ఇత్తడి భాగములను తినును.

ఈ శ్రమయంతయు దేనికి? ఖనిజ తైలము చౌకగా దొరకుచుండగా కానుగకాయలను ఏరుట ఏల? సమాధానమునకు పటాన్‌చెరు చెంతనున్న నక్కవాగును చూచిన చాలును. ఆ వాగు మంజీరా నదిలో కలియును. మంజీరా నీరు సంగారెడ్డి ప్రాంతమునకును హైదరాబాదు నగరమునకును త్రాగునీరైనది. కర్మాగారముల వ్యర్థములు ఆ వాగులో కలియుటచే 1990 దశకమున రైతుల మొర సుప్రీముకోర్టువరకు పోయినది. వ్యర్థజలములను శుద్ధిచేయు ఉమ్మడి కేంద్రము పటాన్‌చెరునందు ఏర్పడినది. అయినను 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారము ప్రాంతమును దేశమునందు మిక్కిలి కలుషితమైన పారిశ్రామిక ప్రదేశములలో చేర్చినది. ఆ కాలుష్యమునకు ముఖ్యకారణము మందుల, రసాయనముల పరిశ్రమలు. కందెనలపై ఆ నిందను మోపుట తగదు. అయినను లేతుక్రింద కారిన నూనె, కడిగిన గుడ్డలనుండి పోయిన నూనె, పగిలిన గొట్టమునుండి చిమ్మిన నూనె వానతో వాగుదారి పట్టక మానదు. వాగులోబడిన వృక్షతైలములో అధికభాగమును సూక్ష్మజీవులు కొలది వారములలో తినివేయును. ఖనిజ తైలము ఆ కాలములో సగమైనను తరుగదు. మంచినీటి వాగు ప్రక్కన నున్న కార్ఖానాకు ఈ భేదము చిన్నది కాదు.

పూతవలన కలుగు లాభము ఇంకొకటి కలదు. పూత కొంత భారమును తాను మోయుటచేత, నూనెలో జింకు, భాస్వరము వంటి ద్రవ్యములను తగ్గించుటకు వీలు కలుగును. నూనె ఎంత నిర్మలమైనదైనను దానిలో కలిపినవి విషములైనచో వాగునకు మేలేమి?

పూతకు దాని కష్టములు దానికున్నవి. కర్బనపు పొర ఉక్కుమీద గట్టిపడునప్పుడు లోపల గొప్ప బిగువు ఏర్పడును. పొర మందమైనకొలది బిగువు హెచ్చి, ఎండిన చెరువులో బురద పెచ్చులు లేచినట్లు లేచిపోవును. లేచిన పెచ్చులు వజ్రమువంటి గట్టితనము గలవి. నూనెలో తేలుచు మిగిలిన భాగమునంతను కోసివేయును. దీనిని నివారించుటకు ముందుగా క్రోమియము వంటి లోహమును పలుచగా పూసి, దానిపై కర్బనమును పూయుదురు. ఉక్కు మెత్తనిదైనచో ఇదియు చాలదు. మెత్తని పరుపుపై గాజుపలక నుంచి త్రొక్కినట్లు పూత పగులును. కావున పూతక్రింది ఉక్కును ముందుగా గట్టిపరుపవలెను. గాలిలేని పెట్టెలు, వానికి వలయు పంపులు మిక్కిలి వెలగలవి. చిన్న కార్ఖానావారు భాగములను పూత కేంద్రమునకు పంపి తెప్పించుకొందురు.

అరిగిన పూతను తీసివేయుట మాత్రము సులభము. భాగమును మరల ఆ పెట్టెలోనే యుంచి, ఈసారి ఎసిటిలీనునకు బదులు ఆమ్లజనిని వదలి విద్యుత్తు ప్రసరింపజేయుదురు. వజ్రమువంటి ఆ కర్బనము మెల్లమెల్లగా కాలి బొగ్గుపులుసు వాయువై పంపుగుండ వెలుపలికి పోవును. ఉక్కునకు ఏ హానియు కలుగదు. నల్లదనము పోయి తెల్లగా మెరయు ఆ భాగముపై క్రొత్తపూత పూసి మరల యంత్రమున బిగింతురు.